తొలి జీవులు రాతిని తిని బతికాయా? ఖనిజాహార సూక్ష్మజీవుల సాక్ష్యం ఎంత గట్టిది?

శిలాహారి (చర్చ ప్రారంభం):

సూర్యకాంతి చొరని సముద్రపు అడుగున, నేలకింద కిలోమీటర్ల లోతున ఉన్న బండల పగుళ్లలో, స్పెయిన్‌లోని రియో టింటో వంటి ఆమ్లపు నదుల్లో సూక్ష్మజీవులు హాయిగా బతుకుతున్నాయన్న సంగతి ఇప్పుడు కొత్తది కాదు. వీటిలో చాలావాటికి మరో జీవి తయారుచేసిన ఆహారం అక్కరలేదు. ఇనుము, గంధకం, హైడ్రోజన్ వంటివాటి నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని, అలా చిక్కిన శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను తమ శరీరంగా మలచుకుంటాయి. కాంతి లేకుండా కూడా బతుకు సాగుతుందని 1880ల చివర్లో మొదట గ్రహించినవాడు సూక్ష్మజీవ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సీకరించి శక్తి పొందే గంధకపు బాక్టీరియాను ఆయన గమనించాడు. 1977లో ఆల్విన్ జలాంతర్గామి గలాపగోస్ దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతున వేడినీటి బిలాలనూ, వాటి చుట్టూ కిక్కిరిసిన జీవరాశినీ చూపేదాకా ఆ పరిశోధనలోని విస్తృతి లోకానికి అర్థం కాలేదు.

నేను చర్చకు పెడుతున్న ప్రతిపాదన ఇది. భూమి మీద తొలి జీవం ఇటువంటి ఖనిజాహారిగానే మొదలైంది, సముద్రగర్భంలోని క్షార బిలాల్లోనే మొదలైంది. 1924లో ఒపారిన్, 1929లో హాల్డేన్ ఊహించిన సేంద్రియ పదార్థాల పులుసు అవసరం లేకుండానే జీవం పుట్టగలదు.

ఇలా అనడానికి నాకు కనిపించే ప్రధాన కారణం లాస్ట్ సిటీ. 2000 సంవత్సరం చివర్లో అట్లాంటిక్ మధ్యభాగంలో, 700 నుంచి 800 మీటర్ల లోతున కనిపించిన ఈ బిలాలు నల్లటి పొగ చిమ్మే బిలాల వంటివి కావు. అక్కడ శిలాద్రవం నేరుగా వేడిచేయడం లేదు. భూమి లోపలి పొరల నుంచి పైకి వచ్చిన రాతిలోని ఆలివిన్ అనే ఖనిజం సముద్రపు నీటితో కలిసి సర్పెంటైన్‌గా మారుతుంది. ఆ క్రమంలో ఖనిజంలోని ఇనుము ఆక్సీకరణం చెందుతుంది, నీటి నుంచి హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది. పైకి ఊరే నీరు 40 నుంచి 90 డిగ్రీల వేడితో, క్షారగుణాన్ని చూపే 9 నుంచి 11 దాకా పీహెచ్‌తో ఉంటుంది. తెల్లటి కార్బొనేట్ గోపురాలు 60 మీటర్ల ఎత్తు వరకు లేచాయి. వాటి గోడల నిండా అతి సన్నని గదులు ఉన్నాయి. ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు కార్బన్ డయాక్సైడ్ కరిగిన సముద్రం, నడుమ ఖనిజపు గోడ. జీవక్రియకు కావలసిన సరంజామా అంతా జీవి కంటే ముందే అక్కడ సిద్ధంగా ఉన్నది.

2016లో వెలువడిన ఒక అధ్యయనం దీనికి బలం చేకూర్చింది. విలియం మార్టిన్ బృందం 61 లక్షల ప్రోటీన్లను పోల్చి, నేటి జీవులన్నిటికీ ఆఖరి ఉమ్మడి పూర్వీకుడి (దానినే క్లుప్తంగా లూకా అంటున్నారు) దాకా వెళ్లగల 355 జన్యు కుటుంబాలను ఏరింది. వాటిని బట్టి చూస్తే లూకా హైడ్రోజన్‌తో, కార్బన్ డయాక్సైడ్‌తో బతికిన జీవి, ఆక్సిజన్ తెలియనిది, వేడికి అలవాటుపడినది. దీనికి అభ్యంతరాలు ఉన్నవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

జీవరసాయని:

శిలాహారి గారి ప్రతిపాదనలో రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోయాయి. ఈనాటి ఖనిజాహార జీవులు ఎక్కడెక్కడ బతుకుతున్నాయన్నది ఒకటి, ఆదిలో ఏం జరిగిందన్నది మరొకటి. మొదటిదాన్ని రెండోదానికి సాక్ష్యంగా నిలబెట్టేముందు ఒక గట్టి అడ్డంకిని దాటాలి. అది ఆక్సిజన్.

గలాపగోస్ బిలాల దగ్గర కనిపించిన పెద్ద గొట్టపు పురుగునే తీసుకుందాం. దానికి నోరు లేదు, జీర్ణనాళం లేదు. ఎర్రటి కుచ్చు ఒకటి గొట్టంలో నుంచి బయటికి చాచి ఉంటుంది. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. అది హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ, ఆక్సిజన్‌నూ రెండింటినీ మోసుకుపోయి, లోపల కాపురమున్న బాక్టీరియాకు అందిస్తుంది. ఆ ఆక్సిజన్ ఎక్కడిది? సముద్రపు పైపొరల్లో కిరణజన్య సంయోగక్రియ వల్ల పుట్టి, చల్లటి నీటితో పాటు కిందికి దిగినది. సూర్యుడితో సంబంధమే లేదని మనం మెచ్చుకునే ఆ లోకం ఊపిరి తీసుకుంటున్నది సూర్యుడి పుణ్యానే. రియో టింటోలో ఇనుమును ఆక్సీకరించే ఆసిడిథయోబాసిలస్ సంగతీ అంతే, దాని ఎలక్ట్రాన్లు చివరికి చేరేది ఆక్సిజన్‌కే. 2020లో పంపు నీటి నుంచి దొరికిన, మాంగనీసును ఆక్సీకరించి బతికే జీవి కూడా ఆక్సిజన్ లేనిదే పెరగదు.

గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగినంతగా పెరిగింది సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం. జీవం పుట్టుక దానికి 150 కోట్ల సంవత్సరాలకు పైగా ముందటి మాట. అందువల్ల ఇనుమునూ గంధకాన్నీ ఆక్సిజన్‌తో కలిపి బతికే జీవులన్నింటినీ ఈ వాదన నుంచి పూర్తిగా పక్కన పెట్టాలి. అవి విపరీత పరిస్థితులకు అలవాటుపడ్డ గొప్ప జీవులే కావచ్చు, అయినా ఆదిమమైనవి కావు. విపరీతమైన చోట బతకడానికీ ప్రాచీనతకూ మధ్య తప్పనిసరి బంధం ఏదీ లేదన్నది నా మొదటి అభ్యంతరం. జనసామాన్యానికి రాసే వ్యాసాల్లో ఈ రెండూ ఒకటిగా కలిసిపోవడం నన్ను ఎంతగానో బాధిస్తుంది.

శిలాహారి:

ఆక్సిజన్ మీద ఆధారపడ్డవాటిని పక్కన పెడదాం, అందులో నాకు పేచీ లేదు. పక్కన పెట్టిన తర్వాత ఏమి మిగులుతున్నాయో చూడండి. హైడ్రోజన్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి మీథేన్ చేసే ఆర్కియా అనే సూక్ష్మజీవులు మిగులుతాయి, అదే ముడిసరుకుతో ఎసిటేట్ చేసే బాక్టీరియా మిగులుతాయి. ఈ రెండూ జీవవృక్షంలో చెరో ప్రధాన శాఖకు చెందినవి. అయినా కార్బన్‌ను పట్టుకోవడానికి రెండూ ఒకే మూల మార్గాన్ని వాడుతున్నాయి. కార్బన్‌ను స్థిరీకరించే మార్గాల్లో శక్తి ఖర్చు చేయకపోగా కొంత మిగిల్చే మార్గం ఇదొక్కటే.

సూర్యుడితో బొత్తిగా పనిలేని బతుకుకు కూడా ఉదాహరణ ఉన్నది. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్లలో లక్షల సంవత్సరాలుగా బయటి ప్రపంచంతో కలవని నీటిలో ఒకే ఒక బాక్టీరియా జాతి దాదాపు ఒంటరిగా బతుకుతున్నదని 2008లో జన్యు పరిశీలనతో తేలింది. దాని పేరు డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వయాటర్. చుట్టూ ఉన్న రాతిలోని యురేనియం వంటి మూలకాల రేడియోధార్మికత నీటి అణువులను చీలుస్తుంది. దాని వల్ల హైడ్రోజన్ పుడుతుంది, అదే చీలిక వల్ల పుట్టిన ఆక్సీకారకాలు రాతిలోని గంధకపు ఖనిజమైన పైరైట్‌ను సల్ఫేట్‌గా మారుస్తాయి. ఆ జీవి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని సల్ఫేట్‌కు ఇచ్చి బతుకుతుంది. రేడియోధార్మిక శిలలు నేటికంటే ఆదిలోనే చురుకుగా ఉండేవి కదా.

మరో మాట. కార్బన్ మోనాక్సైడ్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ మధ్య మార్పిడి జరిపే ఎంజైము నడిబొడ్డున ఏమున్నదో గమనించండి. ఒక నికెల్ పరమాణువు, నాలుగు ఇనుము పరమాణువులు, వాటిని పట్టి ఉంచే గంధకం. చుట్టూ వేలాది పరమాణువుల ప్రోటీన్ అల్లుకుని ఉన్నా, అసలు పని జరిగేది ఆ చిన్న ముద్దలోనే. ఆ అమరిక సముద్రపు బిలాల్లో దొరికే ఇనుము, నికెల్ సల్ఫైడ్ ఖనిజాల అమరికను పోలి ఉంటుంది, పైగా ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. ఆక్సిజన్ లేని కాలంలో ఖనిజమే ఎంజైము పని చేసేదనీ, ప్రోటీన్ తర్వాత వచ్చి దాన్ని ఒడిలోకి తీసుకున్నదనీ చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఆనవాలు ఏముంటుంది? గుంటర్ వాక్టర్‌షాయిజర్ 1988లోనే ఇనుము, గంధకాల మీద జీవక్రియ మొదలైందని ప్రతిపాదించాడు. 1997లో ఆయనా, క్లౌడియా హూబరూ కలిసి నికెల్, ఇనుము సల్ఫైడ్‌ల మీద కార్బన్ మోనాక్సైడ్‌ను మిథైల్ థయోల్‌తో కలిపి ఎసిటిక్ ఆమ్లం వచ్చేలా చేశారు.

ఉషస్సు:

నేను ఎదుటి పక్షాన నిలబడుతున్నాను. జీవం పుట్టడానికి కావలసినది శక్తి ఒక్కటే కాదు, గొలుసులు కూడా కావాలి. ఆర్ఎన్ఏ అయినా, ప్రోటీన్ అయినా చిన్న అణువులు ఒకదానితో ఒకటి ముడిపడుతూ నీటి అణువును వదిలిపెట్టడం వల్ల ఏర్పడుతుంది. చుట్టూ నీరే నిండి ఉన్నచోట ఆ చర్య వెనక్కి నడుస్తుంది, కట్టుకున్న గొలుసు తెగిపోతుంది. అంతులేని సముద్రంలో, అందులోనూ ఆర్ఎన్ఏను ఇట్టే తెగగొట్టే 9, 10, 11 పీహెచ్ గల క్షారంలో పొడవైన గొలుసులు ఎలా నిలిచాయో బిలాల పక్షం వారు చెప్పాలి.

నేల మీది వేడినీటి గుంటల్లో ఈ చిక్కు తనంత తానే విడిపోతుంది. గుంట ఒడ్డు ఎండుతుంది, తడుస్తుంది, మళ్లీ ఎండుతుంది. ఎండినప్పుడు కొవ్వు పొరల నడుమ అణువులు ఒత్తుగా చేరి ముడిపడతాయి, తడిసినప్పుడు ఆ పొరలు చిన్న చిన్న తిత్తులుగా విడిపోయి గొలుసులను తమలో దాచుకుంటాయి. డేవిడ్ డీమర్ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. సాదా కొవ్వు ఆమ్లాలతో చేసిన తిత్తులు మంచినీటిలో నిలుస్తాయి, సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్ల ధాటికి విరిగిపోతాయి.

రెండో సంగతి పొటాషియం. నేటి ప్రతి కణం లోపలా సోడియం కంటే పొటాషియం చాలా ఎక్కువ. సముద్రంలో అందుకు సరిగ్గా విరుద్ధం, అక్కడ సోడియం సుమారు 40 రెట్లు ఎక్కువ. తొలి కణాలకు అయాన్లను ఆపగల బిగువైన పొరలు లేవు కాబట్టి, వాటి లోపలి ద్రవం బయటి నీటినే పోలి ఉండి తీరాలి. ఈ తర్కంతోనే ఆర్మెన్ ముల్కిద్‌జానియన్, ఆయన సహచరులు 2012లో జీవం పుట్టినచోటు సముద్రం కాదనీ, ఆవిరి చల్లబడి నీరై చేరిన భూతల ఉష్ణక్షేత్రమనీ వాదించారు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది, జాన్ సదర్లాండ్ ప్రయోగశాల చూపిన రసాయనం. 2009లో ఆయన బృందం ఆర్ఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో రెండింటిని ఆదిమ భూమి మీద దొరికే సాదా పదార్థాల నుంచి తయారుచేసింది. 2015లో హైడ్రోజన్ సయనైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, అతినీలలోహిత కాంతి కలిస్తే ఆర్ఎన్ఏ, ప్రోటీన్, కొవ్వుల మూలపదార్థాలకు ఒకే రసాయన వల దారి తీయగలదని చూపింది. ఆ కాంతి సముద్రగర్భానికి చేరదు. రాతిని తినే జీవి రావచ్చు గాక, కానీ తినడానికి ముందు జీవి అంటూ ఉండాలి.

పురాశిల:

ఇంతవరకు చర్చ అంతా రసాయనశాస్త్రం మీద, జన్యువుల మీద నడిచింది. రాళ్లు ఏమంటున్నాయో కూడా వినాలి. అవి చెప్పేది కొంచెమే, చెప్పిన కొంచెంలోనూ వివాదం ఉన్నది.

కెనడాలోని నువ్వువాగిట్టుక్ శిలల్లో హెమటైట్ అనే ఇనుము ఆక్సైడ్‌తో ఏర్పడ్డ సన్నని గొట్టాలు, దారాలు ఉన్నాయనీ, అవి సముద్రగర్భపు బిలాల దగ్గర ఇనుమును ఆక్సీకరించిన జీవుల అవశేషాలనీ 2017లో ఒక బృందం ప్రకటించింది. ఆ శిలల వయసు కనీసం 377 కోట్ల సంవత్సరాలు, బహుశా 428 కోట్ల వరకు ఉండవచ్చునని వారి అంచనా. ఈ పోలిక ఎక్కడిదో తెలియాలంటే హవాయీ దగ్గరి లోయిహీ సముద్ర పర్వతం మీద దొరికిన మారిప్రొఫండస్ అనే బాక్టీరియాను చూడాలి. చిక్కుడు గింజ ఆకారంలో ఉండే ఆ కణం ఇనుమును ఆక్సీకరిస్తున్నకొద్దీ ఆ తుప్పును మెలితిరిగిన సన్నని నారలుగా వెనక వదులుతూ ముందుకు సాగుతుంది. తుప్పు తన ఒంటికి అంటుకుని తననే కప్పేయకుండా అది తెలుసుకున్న ఉపాయం ఇది. జీవి పోయినా నార మిగులుతుంది. నువ్వువాగిట్టుక్ దారాలు ఇటువంటి నారలేనన్నది వాదన.

చిక్కేమిటంటే ఆ హవాయీ జీవికి కొద్దిపాటి ఆక్సిజన్ కావాలి. జీవరసాయని గారు చెప్పిన అడ్డంకే ఇక్కడా ఎదురవుతున్నది. పైగా ఇనుము లవణాలు సిలికేట్ వంటి ద్రావణాల్లో జీవం ప్రమేయం లేకుండానే గొట్టాలుగా, దారాలుగా పెరుగుతాయని 2019లో ప్రయోగపూర్వకంగా చూపారు. ఆకారాన్ని చూసి జీవి అని తేల్చడం ఇంత పాత రాళ్ల విషయంలో ప్రమాదకరం. గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో 370 కోట్ల సంవత్సరాల నాటి, సూక్ష్మజీవుల పొరలు శంకువుల్లా పేరుకుని గట్టిపడ్డ స్ట్రోమటోలైట్‌లు దొరికాయని 2016లో వచ్చిన వార్త పర్యవసానం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ శంకువులు రాయి ముడుచుకుపోవడం వల్ల వచ్చిన వంపులేనని 2018లో మరో బృందం అదే రాతిని మూడు దిక్కుల నుంచీ కోసి చూసి వాదించింది.

ఎక్కువమంది ఒప్పుకునే సాక్ష్యం ఆస్ట్రేలియాలోని పిల్బారా ప్రాంతంలో డ్రెస్సర్ శిలలది, వయసు సుమారు 348 కోట్ల సంవత్సరాలు. అక్కడ 2017లో గైసరైట్‌ను గుర్తించారు. ఉడికే నీటిబుగ్గ అంచున, నీరు చిలికి ఆరినచోట మాత్రమే పేరుకునే సిలికా రాయి అది. వెంట్రుక కంటే పలచని నల్లటి, తెల్లటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పక్కనే ఉన్న పొరల్లో గాలిబుడగలు చెదిరిపోకుండా గుండ్రంగా నిలిచి ఉన్నాయి. సూక్ష్మజీవుల జిగురులో చిక్కుకోకపోతే అవి అలా మిగలవని కనిపెట్టినవారు అంటున్నారు. అంటే మనకు తెలిసిన పాత జీవావాసాల్లో ఒకటి నేల మీది వేడినీటి బుగ్గ.

దీన్ని ఉషస్సు గారి పక్షానికి గెలుపుగా నేను లెక్కించడం లేదు. జీవం పుట్టిన తర్వాత కొన్ని పదుల కోట్ల సంవత్సరాలు గడిచాక అది ఎక్కడ కాపురం ఉన్నదో మాత్రమే ఈ రాయి చెబుతుంది. అంతకంటే పాతకాలపు సముద్రగర్భం దాదాపు అంతా తిరిగి భూమిలోకి కుంగిపోయింది. ఒకచోట సాక్ష్యం లేకపోవడానికీ అక్కడ జీవం లేకపోవడానికీ తేడా ఉన్నది, ఆ తేడా బిలాల పక్షానికి అనుకూలంగానే ఉన్నది.

కొత్తపాఠకుడు:

అందరి వాదనలూ శ్రద్ధగా చదివాను. ఒక సందేహం. నేటి కణాలన్నీ పొరకు రెండువైపులా ప్రోటాన్ల సాంద్రతలో తేడా సృష్టించుకుని, ఆ తేడాతో కణంలో శక్తిని అందించే ఏటీపీ అనే అణువును తయారుచేసుకుంటాయని పాఠాల్లో చదువుకున్నాం. లాస్ట్ సిటీ వంటి చోట లోపల క్షారం, బయట సముద్రం ఉన్నందున ఆ తేడా సహజంగానే ఉంటుంది కదా. ఇది కాకతాళీయమా, లేక జీవం అక్కడే పుట్టిందనడానికి గుర్తా?

జీవరసాయని:

మంచి ప్రశ్న. మైకేల్ రసెల్, ఆయన తర్వాత నిక్ లేన్ క్షార బిలాల సిద్ధాంతాన్ని నిలబెట్టింది సరిగ్గా ఈ పోలిక మీదే. ఆనాటి సముద్రంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉండడం వల్ల అది నేటికంటే ఆమ్లగుణం కలిగి ఉండేది. బిలంలోని క్షారంతో పోలిస్తే ప్రోటాన్ల తేడా ఎన్నో వేల రెట్లు ఉండేది. ఏటీపీని తయారుచేసే యంత్రం నేటి జీవులన్నిటిలోనూ దాదాపు ఒకే తీరుగా ఉన్నందువల్ల, ప్రోటాన్లను వాడుకోవడం లూకా కాలానికే ఉన్నదనడంలో సందేహం లేదు.

అయితే ఆ తేడా ఉండడం వేరు, దాన్ని పనికి మళ్లించడం వేరు. ఎత్తు నుంచి నీరు పడుతున్నంత మాత్రాన పిండి విసరబడదు, కింద చక్రం ఉండాలి. ఏటీపీని కట్టే ఆ చక్రం ఎన్నో ప్రోటీన్ భాగాలు కూడి తిరిగే యంత్రం, అది మొదటి రోజునే లేదు. అంతకుముందు ప్రోటాన్ల తేడా ఏ పనికి వచ్చిందో సిద్ధాంతం చెప్పాలి. ఖనిజపు గోడకు ఇరువైపులా ఉన్న తేడా వల్ల హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్లను కార్బన్ డయాక్సైడ్‌కు ఇవ్వడం సులువవుతుందన్నది లేన్ బృందం ఇచ్చిన జవాబు, దానికి ప్రయోగాల మద్దతు కొంత ఉన్నది. గోడలు మరీ మందమనీ, తేడా అంతటి మందంలో పరుచుకుపోతే కణానికి ఉపయోగపడదనీ విమర్శకులు 2016లో రాశారు. ఈ విమర్శకు తృప్తికరమైన జవాబు నాకింకా కనిపించలేదు. అందువల్ల మీ ప్రశ్నకు నా సమాధానం ఇది: కాకతాళీయమని కొట్టిపారేయడానికి వీల్లేదు, గుర్తు అని ఒప్పుకోవడానికీ చాలదు.

శిలాహారి:

ఉషస్సు గారి ఆక్షేపణలకు వరుసగా కాకపోయినా జవాబు చెబుతాను. సముద్రంలో తిత్తులు నిలవవన్నది ఒకే రకం కొవ్వు ఆమ్లంతో చేసిన ప్రయోగాల ఫలితం. 2019లో రకరకాల పొడవు గల కొవ్వు ఆమ్లాలనూ ఆల్కహాళ్లనూ కలిపినప్పుడు సముద్రపు ఉప్పు ఉన్నా, క్షారం ఉన్నా, 70 డిగ్రీల వేడిలోనూ తిత్తులు చక్కగా ఏర్పడ్డాయి. ప్రకృతిలో ఒకే రకం అణువు శుద్ధంగా దొరకదు కాబట్టి, కలగలుపే అసలు పరీక్ష.

2020లో మార్టినా ప్రైనర్, ఆమె సహచరులు ఇంకా ముఖ్యమైనది చూపారు. గ్రైగైట్, మాగ్నటైట్, అవారుయైట్ అనే మూడు ఖనిజాలు, అంటే ఇనుము సల్ఫైడ్, ఇనుము ఆక్సైడ్, నికెల్ ఇనుముల సహజ మిశ్రమం, ఒక్కొక్కటే ఉన్న నీటిలో హైడ్రోజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ 100 డిగ్రీల వద్ద ఉంచితే ఫార్మేట్, ఎసిటేట్, పైరువేట్ పుట్టాయి. ఎంజైము లేదు, కాంతి లేదు, విద్యుత్తు లేదు. ఎసిటేట్ చేసే బాక్టీరియా నేడు తన జీవక్రియ మొదట్లో తయారుచేసేవి సరిగ్గా ఇవే పదార్థాలు. సదర్లాండ్ రసాయనం అద్భుతమైనదే, కానీ దానిలోని ఏ మెట్టునూ నేటి ఏ కణమూ వాడడం లేదు. ఖనిజాల మీద నడిచిన చర్యనేమో కణాలు నేటికీ నడుపుతున్నాయి. కుటుంబ పోలికలు ఎవరిలో ఉన్నాయో చూసి వంశాన్ని నిర్ణయించడం న్యాయం కాదా?

నేల మీది గుంటల గురించి ఒక ప్రశ్న వేస్తాను. 420 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రం పైకి తేలిన నేల ఎంత? విస్తారమైన ఖండాలు అప్పటికి ఉన్నాయన్న నమ్మకం కొద్దిమందికే. సముద్రగర్భంలో ఆలివిన్ మాత్రం ఎక్కడపడితే అక్కడ ఉన్నది.

ఉషస్సు:

ఖండాలు అక్కరలేదు, అగ్నిపర్వత ద్వీపాలు చాలు. శిలాద్రవం చురుకుగా ఉన్న ఆ కాలంలో హవాయీ, ఐస్‌లాండ్ వంటివి ఉండకపోవడమే ఆశ్చర్యం.

నేటి కణాలు వాడనిది ఆదిలో లేదనడం మాత్రం సరైన తర్కం కాదు. ఇల్లు కట్టాక పరంజా తీసేస్తారు. ఫార్మేట్, ఎసిటేట్, పైరువేట్ రెండు మూడు కార్బన్ల చిన్న అణువులు. అక్కడి నుంచి ఆర్ఎన్ఏ అక్షరమైన న్యూక్లియోటైడ్ దాకా, కేవలం హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, ఖనిజాలతో మొదలుపెట్టి, ఎంజైము లేకుండా నడిచే పూర్తి దారిని ప్రయోగశాలలో ఇంతవరకు ఎవరూ చూపలేదు. నా పక్షాన కనీసం అక్షరాలు చేతికి వచ్చాయి.

జీవరసాయని:

ఇద్దరూ లూకాను ఆదిజీవిగా అనుకునే ప్రమాదం దగ్గరకు వస్తున్నారు, అందుకే మళ్లీ రాస్తున్నాను. 2024లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం లూకా కాలాన్ని సుమారు 420 కోట్ల సంవత్సరాల క్రితానికి లెక్కగట్టింది. దాని జన్యువులు సుమారు 2,600 ప్రోటీన్లకు సరిపోయేవని, అది ఆక్సిజన్ లేకుండా ఎసిటేట్ చేసుకుంటూ బతికినదని అంచనా వేసింది. ఇంతవరకు శిలాహారి గారికి సంతోషమే. కానీ అదే అధ్యయనం లూకాకు వైరస్‌లను అడ్డుకునే తొలిరకం రక్షణ వ్యవస్థ కూడా ఉన్నట్టు చెబుతున్నది. వైరస్‌లు ఉన్నాయంటే అప్పటికే ఎన్నో జీవులు ఉన్నాయి, వాటి మధ్య పోటీ ఉన్నది, ఒకటి విడిచిన వ్యర్థాన్ని మరొకటి తినడం ఉన్నది. 2,600 ప్రోటీన్లున్న జీవి నేటి మామూలు బాక్టీరియాకు సాటి. అది పుట్టుక దగ్గరిది కాదు, ఎంతో పరిణామం జరిగాక కనిపిస్తున్నది. తక్కిన వంశాలన్నీ అంతరించి, ఆ ఒక్కటే మిగిలింది. రాతిని తినేది మిగిలిందంటే ఉల్కాపాతాల కాలంలో లోతున దాగినది మిగిలిందని కూడా అర్థం కావచ్చు, మొదట పుట్టినది అదేనని కాకుండా.

కాబట్టి జన్యువులను వెనక్కి తవ్వుకుంటూ పోయి ఎవరూ జన్మస్థలాన్ని చేరలేరు. 2016 నాటి 355 జన్యు కుటుంబాల జాబితా మీద మరో అభ్యంతరం కూడా ఉన్నది. సూక్ష్మజీవులు పక్కవాటి నుంచి జన్యువులను తీసుకుంటూనే ఉంటాయి, అలా చేతులు మారిన వాటిని వారసత్వపు ఆస్తిగా లెక్కించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. తుది నిర్ణయం ప్రయోగశాలలోనే జరగాలి, లేదా భూమికి బయట.

పురాశిల:

భూమికి బయట అన్నారు కనుక ఎన్సెలాడస్ సంగతి ఇక్కడ పనికి వస్తుంది. శని గ్రహపు ఈ చిన్న ఉపగ్రహంలో మంచు పెంకు కింద సముద్రం ఉన్నది, దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్లలో నుంచి ఆ నీరు అంతరిక్షంలోకి చిమ్ముతుంది. కసీనీ నౌక ఆ తుంపరల గుండా వెళ్లి సేకరించిన సమాచారంలో హైడ్రోజన్ ఉన్నదని 2017లో ప్రకటించారు. అంతకుముందు 2015లో దొరికిన అతి చిన్న సిలికా రేణువులు, సముద్రపు అడుగున కనీసం 90 డిగ్రీల వేడినీరు రాతితో కలుస్తున్నదని సూచించాయి. 2023లో ఫాస్ఫేట్ కూడా బయటపడింది. నీరు క్షారం. లాస్ట్ సిటీలో ఉన్నవి దాదాపు అన్నీ అక్కడ ఉన్నాయి.

ఇక లేనివి చూడండి. సూర్యకాంతి ఆ సముద్రానికి చేరదు. నేల లేదు, ఎండే ఒడ్డు లేదు, తడిసి ఆరే గుంట లేదు. ఈ చర్చలో రెండు పక్షాలను వేరుచేసే పరిస్థితులను ప్రకృతి ఒకచోట అలా విడదీసి ఉంచడం మనకు దొరికిన గొప్ప అవకాశం. అక్కడ మన జీవంతో సంబంధం లేని జీవం కనిపిస్తే, తడిపొడుల ఆవృత్తి తప్పనిసరి అన్న వాదన నిలవదు.

ఉషస్సు:

కనిపిస్తే ఆ వాదనను నేనే విరమించుకుంటాను, ఆ షరతును ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను. కనిపించకపోతే మాత్రం అది నా పక్షానికి సాక్ష్యమని అనను, ఎందుకంటే ఆ సముద్రం వయసు ఎంతో, హైడ్రోజన్ ఎంతకాలంగా ఊరుతున్నదో తేలకుండా ఖాళీతనానికి అర్థం చెప్పలేం. అయితే అక్కడి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తినేవారు లేక అలాగే పేరుకుని ఉన్నాయా అన్న ప్రశ్నకు శిలాహారి గారు జవాబు చెప్పవలసి ఉంటుంది. భూమి మీద ఆ రెండూ కలిసి దొరికే చోట వాటిని తినే ఆర్కియా దాదాపు ఎప్పుడూ కాచుకుని ఉంటాయి.

శిలాహారి:

పేరుకుని ఉన్నాయనడానికి ముందు ఎంత పుడుతున్నదో, ఎంత ఖర్చవుతున్నదో తెలియాలి. తుంపరలో కనిపించేది తిన్నాక మిగిలినది కూడా కావచ్చు. భూమి మీది లాస్ట్ సిటీ గోపురాల్లో మీథేన్ చేయగల ఆర్కియా దట్టంగా ఉన్నా, బయటికి వచ్చే నీటిలో హైడ్రోజన్ పుష్కలంగానే ఉన్నది.

నా షరతు కూడా రాస్తాను. ఖనిజాల మీద మొదలైన చర్య పైరువేట్ దగ్గర ఆగిపోకుండా అమైనో ఆమ్లాలను దాటి న్యూక్లియోటైడ్ దాకా ఒకే పాత్రలో, బిలంలో ఉండే వేడిమి, పీహెచ్‌ల వద్ద నడవాలి. ఎంతమంది ఎన్ని ఖనిజాలతో ప్రయత్నించినా ఆ దారి మధ్యలోనే మూసుకుపోతున్నదని తేలితే, తొలి జీవం బిలంలో పుట్టిందన్న మాటను వదులుకుంటాను. లూకా రాతిని తిని బతికినదన్న మాటను మాత్రం అప్పటికీ వదలను, దానికి సాక్ష్యం వేరు.